శుక్రవారాల పేషెంటు

తిరువూరు మిషనాసుపత్రిలోకి వెళ్ళాలంటే ఆ రోజుల్లో ముందు మరియదాసు గొంతు దాటాలి. "ఎవరికోసం వచ్చారు? ఏ వార్డు? చూసే టైమైపోయింది, సాయంత్రం రండి" అని గేటు దగ్గర అతను అంటే, రోడ్డుకి అటుపక్క విజయవాడ బస్సెక్కబోయేవాళ్ళు కూడా ఓసారి ఆగి, మనల్నేనా అన్నట్టు చూసేవారు. మనిషి పెద్ద పొడగరేం కాదు. మీసం మాత్రం మనిషికన్నా ఒక సైజు పెద్దది. చేతిలో కర్ర ఉండేది గాని దాంతో ఎవర్నీ ఏమీ చేసిన పాపాన పోలేదు. కుక్కల్ని అదిలించడానికి కూడా గొంతే వాడేవాడు.

ఆ గొంతు అతనికి నాటకాల్లోంచి వచ్చింది. ఏటా క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో పందిరి వేసి ఆడే నాటకంలో, పసిబిడ్డల్ని చంపమని ఆజ్ఞాపించే రాజు వేషం అతనిదే. ఆ వేషం ఇంకెవరికైనా ఇద్దామని నాటకం వాళ్ళు అప్పుడప్పుడు అనుకునేవారు గాని, ఆ మాట అతనికి ఎవరు చెప్పాలో తేలక ఊరుకునేవారు. క్రిస్మస్ ఏడాదికొక్కసారే వస్తుంది. మిగతా రోజులన్నీ ఆ రాజు ఖాకీ చొక్కా తొడుక్కుని ఆసుపత్రి గేటు దగ్గర దర్బారు చేసేవాడు. పేషెంట్ల తాలూకు బంధువులే ప్రజలు.

డెబ్బై నాలుగులో ఆ ఆసుపత్రికి డాక్టర్ సరోజినీదేవి వచ్చింది. ఆవిడ మత్తు డాక్టరమ్మ. అంతకుముందు, ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు సీతారామాంజనేయులు గారే నడుంలో మత్తుసూది వేసి, చేతులు కడుక్కుని, కత్తి పట్టుకునేవారు. మత్తుకోసం వేరే డాక్టరెందుకని ఆయనకి కొంచెం అనుమానంగానే ఉండేది. సరోజినీదేవి పొట్టి మనిషి. మాట మెల్లన. ఆపరేషన్ బల్ల దగ్గర చెక్కపీట వేయించుకుని దానిమీద నిలబడేది. వచ్చిన కొత్తల్లోనే ఆవిడ ఒక పద్ధతి మొదలుపెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం ఆపరేషన్లు ఉండవు కాబట్టి, ఆ పూట థియేటర్‌లో పనిచేసేవాళ్ళందర్నీ పోగేసి, "ఇప్పుడు ఫలానా ప్రమాదం వచ్చిందనుకుందాం. ఎవరేం చేస్తారో చేసి చూపించండి" అనేది.

"ఆ ప్రమాదం నా సర్వీసులో ఒక్కసారి కూడా రాలేదండీ. రానిదానికి రిహార్సలెందుకు?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"వచ్చేవాటికి రోజూ చేస్తూనే ఉన్నాం కదండీ. రానిదానికే రిహార్సలు కావాలి," అంది ఆవిడ.

ఆయనకి జవాబు తోచేసరికి శుక్రవారం వెళ్ళిపోయింది.

మొదట్లో బల్లమీద పేషెంటుకి బదులు ఒక దిండు పెట్టారు. దిండుకి ప్రాణం పోతోందంటే ఎవరికి కంగారు పుడుతుంది? నర్సు ప్రేమావతి దాని నెత్తిన రబ్బరు మాస్కు పెట్టి, "పాపం, తలకాయ ఎటుందో కూడా చెప్పలేకపోతోంది" అనేసరికి మిగతా నర్సులు నవ్వాపుకోలేకపోయారు. ఎవరైనా మనిషి పడుకుంటే బాగుంటుందంది డాక్టరమ్మ. నర్సులు సిగ్గుపడ్డారు. కాంపౌండరు తనకి నడుంనొప్పి అన్నాడు. ప్రేమావతి కిటికీలోంచి గేటు వైపు చూసి, "నటించేవాళ్ళు కావాలంటే మనకి ఉన్నారుగా డాక్టరుగారూ," అంది.

కబురందగానే మరియదాసు, ఎవరో తనమీద ఫిర్యాదు చేశారనుకుని, జవాబులన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు. సంగతి విన్నాక మీసం సవరించుకున్నాడు.

"వేషమేంటండీ?"

"పేషెంటు."

"ఏ ఊరి పేషెంటండీ?"

"ఏ ఊరైతే ఏంటి మరియదాసూ?"

"ఊరు తెలియకుండా ఎలా పడుకోనండీ?"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "విస్సన్నపేట. బట్టల కొట్టు. హెర్నియా ఆపరేషన్‌కి వచ్చావు. ఇద్దరాడపిల్లలు."

"పెళ్ళిళ్ళయ్యాయా అండీ?"

"పెద్దమ్మాయికి కుదిరింది."

అప్పుడు గాని మరియదాసు బల్ల ఎక్కలేదు.

ఆవిడ అందరికీ సంగతి విప్పి చెప్పింది. నడుంలో వేసిన మందు నడుం కిందే పనిచెయ్యాలి. ఎప్పుడో, ఎక్కడో, ఎవరికో ఒకరికి అది పైకి పాకుతుంది. ముందు చేతులు తిమ్మిరెక్కుతాయి. తర్వాత గొంతు సన్నబడుతుంది. ఆ తర్వాత ఊపిరి ఆగిపోతుంది. మందు దిగేదాకా మనం ఊపిరి అందిస్తే మనిషి మళ్ళీ లేచి కూర్చుంటాడు. అందించకపోతే లేవడు. "ఇక కానీ మరియదాసూ," అంది.

మరియదాసు కానిచ్చాడు. "అయ్యో, నా చేతులు" అని ఒక కేక పెట్టి, సగం లేచి, గుండెమీద చెయ్యి వేసుకుని, పెళ్ళి కుదిరిన పెద్దకూతురికి కొన్ని మాటలు, కుదరని చిన్నకూతురికి ఇంకాస్త ఎక్కువ మాటలు చెప్పి, తల పక్కకి వాల్చేశాడు. బయట బెంచీలమీద కూర్చున్న జనం లేచి నిలబడ్డారు. ప్రేమావతి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నవ్వలేక.

"మరియదాసూ, ఈ పేషెంటు అరవలేడు," అంది డాక్టరమ్మ.

"మూలగొచ్చా అండీ?"

"మూలగలేడు. చెయ్యీ కదలదు."

"మరి నేను చచ్చిపోతున్నట్టు వీళ్ళకెలా తెలుస్తుందండీ?"

"అదే వీళ్ళు నేర్చుకోవాలి."

మరియదాసు దిగులుగా ఇంటికెళ్ళాడు. గొంతు లేని వేషం అతను జన్మలో కట్టలేదు. అయినా ఒప్పుకున్న వేషం వదిలేసే రకం కాదు. ఆ వారమంతా గేటు దగ్గర గుసగుసగా మాట్లాడ్డం సాధన చేశాడు. "చూసే టైం... అయిపోయింది..." అని అతను గాలిలో కలిసిపోయేట్టు అంటుంటే, జనం పాపం గొంతు పోయిందనుకుని పలకరించి మరీ లోపలికి వెళ్ళిపోయారు. భార్య పుల్లమ్మ మిరియాల కషాయం కాచి రెండు పూటలా తాగించింది.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. నర్సులు సామాను సర్దుకుంటున్నారు. ప్రేమావతి తను కొత్తగా చూసొచ్చిన సినిమా కథ చెబుతోంది. మరియదాసు బల్లమీద పడుకుని, "డాక్టరమ్మగారూ, చేతులు తిమ్మిరిగా..." అన్నాడు, పక్కింట్లో ఎవరో అన్నట్టు. ఇంకో మాటేదో పెదాలమీదే ఆగిపోయింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. సినిమా కథ నడుస్తోంది.

కొంతసేపు చూసి డాక్టరమ్మ, "మీ పేషెంటు చచ్చిపోయాడు," అంది.

ఎవరూ నవ్వలేదు. అందరూ బల్ల వైపు చూశారు. మరియదాసు లేచి కూర్చున్నాడు. అతనికి నిజంగానే కష్టం కలిగింది.

"నేను చచ్చిపోతుంటే సిస్టరమ్మ సినిమా కథ చెప్తోందండీ. ఇంటర్వెల్ దాకా విన్నాను. ఒక్కళ్ళు నా మొహం చూళ్ళేదు, ఒక్కళ్ళు పలకరించలేదు."

నటుడు కదా, చూసేవాళ్ళు చూడకపోతే వచ్చే బాధ అది. డాక్టరమ్మ మాత్రం ఆ మాట పట్టుకుంది. నిజంగా ఇలాంటిది జరిగినప్పుడు కూడా పేషెంటుకి అన్నీ వినిపిస్తూ ఉండొచ్చు, ఇకనుంచి ఒకరు తల దగ్గర నిలబడి ధైర్యం చెబుతూనే ఉండాలంది. ఆ పని ప్రేమావతికి అప్పగించింది. ప్రేమావతి మొదట్లో, "మేమున్నాం, నీ ఊపిరి మేం తీస్తాం, భయపడొద్దు" అని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేది. "నాకు ఇంకా భయమేస్తోంది సిస్టరమ్మా" అనేవాడు మరియదాసు, చచ్చిపోతూనే.

అలా వారాలు గడిచాయి. మరియదాసు ఒకవారం పత్తి కమీషన్ వ్యాపారి, ఒకవారం రిటైరైన లెక్కల మాస్టారు, ఒకవారం కొడుకుతో మాటల్లేని మోతుబరి. "ఈవారం ఎవరు బాబాయ్?" అని గురువారం నుంచే నర్సులు ఆరా తీసేవారు. అతని పెదవి కదలిక ఆగీ ఆగకముందే ఒకరు రక్తపోటు పడిపోకుండా అతని కాళ్ళెత్తేవారు, ఒకరు సెలైన్ వేగంగా వదిలినట్టు చేసేవారు, ఒకరు ఊపిరి అందించే రబ్బరు సంచి నొక్కేవారు, ఒకరు ఇంకో ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకొచ్చేవారు. పెద్ద డాక్టరుగారు కూడా గోడకానుకుని నిలబడి చూసేవారు. ఏదైనా తప్పితే అందరికన్నా ముందు ఆయనే చెప్పేవారు. చచ్చినందుకు మరియదాసుకి ఒక టీ, బన్ను ఇచ్చేవారు.

పుల్లమ్మకి ఇదేమీ నచ్చలేదు. శుక్రవారం శుక్రవారం మొగుడు చావడమేంటని ఫాదర్ గారి దగ్గరికెళ్ళింది.

"అపశకునం కాదాండీ ఫాదర్? ఉత్తుత్తిగానైనా చావు చావేగా."

"ఏటా క్రిస్మస్‌కి ఊళ్ళో పసిపిల్లలందర్నీ చంపిస్తున్నాడు కదమ్మా. అప్పుడు నువ్వు ముందు వరసలో కూర్చుంటావు," అన్నారాయన.

"అది వేరేవాళ్ళ పిల్లలు కదండీ," అంది పుల్లమ్మ. ఫాదర్ గారు నవ్వి ఊరుకున్నారు. ఆవిడ నవ్వలేదు. శుక్రవారం సాయంత్రం మొగుడు ఇంటికి రాగానే గుమ్మంలోనే ఆపి నెత్తిన నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడాది వేసవి, మామిడికాయల బళ్ళు రోడ్లమీద బారులు తీరే రోజులు. ఒక మంగళవారం పొద్దున రెడ్డిగూడెం నుంచి జోజప్ప అనే తోట కాపలాదారు భార్యని ఎడ్లబండిలో తీసుకొచ్చాడు. ఆమె పేరు ప్రేమకుమారి. తొలి కాన్పు. నొప్పులు పడీ పడీ మనిషి సోలిపోయింది, బిడ్డ దిగట్లేదు. మధ్యాహ్నానికి ఆపరేషన్ చెయ్యాలన్నారు. జోజప్ప థియేటర్ వరండాలోకి వచ్చి నిలబడితే, మరియదాసు అలవాటుగా వెనకే వెళ్ళి, "ఇక్కడ నిలబడకూడదు. గేటవతల కూర్చో," అన్నాడు. జోజప్ప వినిపించుకోలేదు. వినపడలేదేమో కూడా.

ఇంకోసారి చెబుదామని మరియదాసు గొంతు సవరించుకుంటుండగానే తలుపు తెరుచుకుని ప్రేమావతి బయటికి పరిగెత్తింది. పక్కగదిలోంచి ఇంకో ఆక్సిజన్ సిలిండరు కాంపౌండరు చేత దొర్లించుకుంటూ వచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాడు జోజప్ప.

"ఏం లేదు, ఏం లేదు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

శుక్రవారాల్లో ఆ సిలిండరు ఎప్పుడొస్తుందో మరియదాసుకి తెలుసు. పెదవులు ఆగిపోయాక వస్తుంది. ఇవాళ శుక్రవారం కాదు.

"ఆ సిలిండరెందుకు బాబాయ్?" అన్నాడు జోజప్ప.

మరియదాసుకి చాలా డైలాగులు వచ్చు. ధైర్యం చెప్పేవీ ఉన్నాయి, దేవుడి మీద భారం వేసేవీ ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. గేటు దగ్గర రోజూ చెప్పే మాట ఉంది, అది అసలే పనికిరాదు. కర్ర గోడకి ఆనించి, బెంచీమీద కూర్చుని, జోజప్పని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నడుంలో వేసిన మందు పైకెక్కినట్టుంది. ఎప్పుడో ఎవరికో అలా అవుద్దంట. ఊపిరి అందదు. మందు దిగేదాకా వీళ్ళే ఊపిరి ఇస్తారు."

"వీళ్ళకి తెలుసా ఇవ్వడం?"

"తెలుసు. నామీదే నేర్చుకున్నారు."

జోజప్ప తిరిగి అతని మొహం చూశాడు. "నీమీదా?"

"ప్రతి శుక్రవారం చచ్చిపోతా నేను."

వేరే సమయమైతే జోజప్ప లేచి వెళ్ళిపోయేవాడేమో. ఇప్పుడు ఆ మాటే పట్టుకుని, "మళ్ళీ బతికావా?" అన్నాడు.

"ఇక్కడే కూర్చున్నాగా."

"ప్రతిసారీనా?"

మరియదాసుకి సినిమా కథ శుక్రవారం గుర్తొచ్చింది. "మొదట్లో వాళ్ళకి చేతకాలేదు. ఇప్పుడు బాగా వచ్చు," అన్నాడు. అబద్ధం చెప్పలేదని తర్వాత చాలా రోజులు గొప్పగా చెప్పుకున్నాడు గాని, అప్పుడు మాత్రం చొక్కా వీపుకి అంటుకుపోయింది.

కాసేపటికి లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. జోజప్ప లేచాడు. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ కూర్చున్నాడు. బిడ్డ సంగతి తెలిసింది, తల్లి సంగతి తెలియలేదు. ఆ కూర్చోవడం చాలాసేపు సాగింది. మరియదాసు జోజప్ప చెయ్యి వదల్లేదు.

లోపల జరిగింది తర్వాత ప్రేమావతి చెప్పింది. ప్రేమకుమారి చేతులు తిమ్మిరిగా ఉన్నాయందట. రెండో మాట గుసగుసగా వచ్చిందట. మూడోది రాలేదు. అప్పటికే ప్రేమావతి ఆమె కాళ్ళెత్తేసిందట. ఎవరు చెయ్యమన్నారో, ఎప్పుడు చేసిందో తెలియదట. డాక్టరమ్మ గొంతులోకి గొట్టం దింపి సంచి నొక్కింది. పెద్ద డాక్టరుగారు ఒక్క మాట మాట్లాడకుండా బిడ్డని బయటికి తీశారు. మరో నర్సు సిలిండరు మార్చింది. ప్రేమావతి ఆ తల్లి చెవిలో నోరు పెట్టి, "మేమున్నామమ్మా, నీ ఊపిరి మేం తీస్తున్నాం, నీకు కొడుకు పుట్టాడు, వింటున్నావా" అని మందు దిగేదాకా చెబుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. చివరికి వేళ్ళు కదిలాయి. తర్వాత ఊపిరి తనంతట తను తీసుకుంది.

చేతులు కడుక్కుంటూ పెద్ద డాక్టరుగారు, "వచ్చిందండీ," అన్నారట.

"ఊ, వచ్చింది," అందట డాక్టరమ్మ.

"ఇక నా సర్వీసులో మళ్ళీ రాదు లెండి."

మూడోరోజుకి ప్రేమకుమారి లేచి కూర్చుని గంజి తాగింది. ఎవరో చెవిలో ఒకటే మాట్లాడుతున్నారని, నిద్రపోదామంటే పోనివ్వలేదని చెప్పింది. జోజప్ప ఒక బుట్ట రసాలు తెచ్చి, డాక్టర్లకన్నా ముందు గేటు దగ్గర దింపాడు. దాంతో వరండాలో జరిగిందంతా బయటపడింది. డాక్టరమ్మ మరియదాసుని పిలిపించింది.

"ఆ టైంలో బంధువులకి అదంతా చెప్పమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. ఇంకెవరూ బయటికి రాలేదు."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. ఆవిడ చేతిలో పెన్ను అటూ ఇటూ తిప్పుతూ కిటికీలోంచి వరండా బెంచీ వైపు చూస్తూ ఉండిపోయింది. గది లోపల జరగాల్సినవన్నీ నేర్చుకున్నారు. తలుపవతల ఒక మనిషి కూర్చుంటాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మళ్ళీ శుక్రవారం నుంచి రిహార్సల్లో ఇంకో అంకం చేరింది. పెద్ద డాక్టరుగారు బయటికొచ్చి బంధువులతో మాట్లాడాలి. బంధువు వేషం కూడా మరియదాసుకే ఇద్దామనుకున్నారు. ఒకసారి వేశాడు. పెద్ద డాక్టరుగారు రాగానే లేచి, ఆయన్నే గదమాయించబోయాడు. పైగా ఒకే మనిషి లోపల చచ్చిపోతూ బయట ఏడవడం కుదరదు. అప్పుడు డాక్టరమ్మ స్వయంగా పుల్లమ్మ దగ్గరికి వెళ్ళింది.

"నాకు నాటకాలు రావండీ," అంది పుల్లమ్మ.

"రాకపోతేనే మంచిది. బెంచీమీద కూర్చుంటే చాలు."

ఇంటికొచ్చిన డాక్టరమ్మని కాదనడం బాగోదని పుల్లమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. లోపల మరియదాసు ఆవారం కల్లూరు నుంచి వచ్చిన పొగాకు రైతు. కాసేపటికి పెద్ద డాక్టరుగారు తలుపు తీసుకుని వచ్చి, నిలబడే, "స్పైనల్‌లో కాంప్లికేషన్ వచ్చిందమ్మా. మేనేజ్ చేస్తున్నాం," అని తిరిగి వెళ్ళబోయారు.

"అంటే ఏంటండీ?" అంది పుల్లమ్మ.

ఆయన ఆగారు. "అంటే, మందు హై లెవెల్‌కి వెళ్ళింది. రెస్పిరేషన్ సపోర్ట్ ఇస్తున్నాం."

"అంటే ఏంటండీ?"

ఆయన తలుపు వైపు చూశారు. అక్కడ డాక్టరమ్మ, ఆవిడ వెనక ప్రేమావతి నిలబడి ఉన్నారు. ఎవరూ సాయం రాలేదు. ఇరవయ్యేళ్ళుగా ఈ వరండాలో ఆయన నడిచారే గాని, ఆ బెంచీ ఎత్తెంతో ఆయనకి తెలియదు. వచ్చి పుల్లమ్మ పక్కన కూర్చున్నారు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మీ ఆయనకి ఊపిరి ఆగిందమ్మా. తనంతట తను తీసుకోలేకపోతున్నాడు. మేం సంచి నొక్కి ఊపిరి ఇస్తున్నాం. మందు దిగాలి. దిగేదాకా పక్కనుంచి కదలం. బతుకుతాడనే అనుకుంటున్నాం. మళ్ళీ వచ్చి చెబుతాను. మీరు ఇక్కడే ఉండండి."

పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి పెద్ద డాక్టరుగారు కంగారుపడ్డారు.

"ఉత్తుత్తిదేనమ్మా ఇది."

"తెలుసండీ," అంది ఆమె, ఏడుస్తూనే. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడెలా ఉందండీ?" అంది.

పెద్ద డాక్టరుగారు తల వంచి తలుపు సందులోంచి చూశారు. "బాగానే ఉన్నాడమ్మా. లేచి బన్ను తింటున్నాడు."

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాలు కలిసే ఇంటికి నడిచారు. బస్టాండు దాటేదాకా మరియదాసు ఓపిక పట్టాడు. తర్వాత ఉండలేక, "నేను బాగా చేశానా?" అన్నాడు.

"నేనెక్కడ చూశాను? తలుపు వేసుంటే."

"పెద్ద డాక్టరుగారు ఎలా చేశారు?"

పుల్లమ్మ కొంతదూరం నడిచాక, "మొదట్లో బాగా చెయ్యలేదు. తర్వాత బాగా చెప్పారు," అంది. ఇంటి గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం అతన్ని ఆపి నీళ్ళు చిలకరించింది. ఈసారి తన నెత్తిన కూడా నాలుగు చుక్కలు చల్లుకుంది. తర్వాత పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, వచ్చేవారం కూడా తనే రావాలా, వేరే ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"నువ్వే రావాలన్నారు డాక్టరమ్మ."

"సరేలే," అని బియ్యం కడగడానికి లేచింది.